గవాక్షి కింద పెట్టిన కంప్యూటర్

ఇంట్లోకి ఒక కంప్యూటర్ కావాలి, తక్కువలో మంచిది ఏదో చెప్పు అని ఇప్పటికీ ఎవరో ఒకరు నన్ను అడుగుతూనే ఉంటారు. పని మానేసి ఇంట్లో కూర్చున్నాను కదా, సలహా ఊరికే దొరుకుతుందని వాళ్ళ ఆశ. మీ వయసు పిల్లలైతే రాకముందే ఫోన్‌లో అన్నీ చూసుకుని వస్తారు. ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏది, అన్నీ నోటికి వచ్చు. నా నోటితో అవుననిపించుకుని సంతోషంగా పోవడానికే వాళ్ళు వచ్చేది. నేను మాత్రం రెండే ప్రశ్నలు అడుగుతాను. దాన్ని ఇంట్లో ఎక్కడ పెడతారు? దాని ముందు ఎవరు కూర్చుంటారు? అప్పుడు నన్ను కాస్త జాలిగా చూస్తారు. ముసలాయనకు చాదస్తం మొదలైంది అనుకుంటారు కాబోలు. అనుకోనీ. ఆ రెండు ప్రశ్నలూ నాకు ధర్మవరంలో ఒక మగ్గం గదిలో దొరికాయి. తీరిక ఉంటే ఆ సంగతి వినండి.

నేను పనిచేసింది హిందూపురం బజారులో ఉన్న ఒక కంప్యూటర్ షాపులో. విడిభాగాలు తెచ్చి కంప్యూటర్లు బిగించడం, పాడైనవి బాగుచేయడం నా పని. ఇల్లు పెనుకొండలో. పొద్దున ప్యాసింజర్ బండిలో పోవడం, సాయంత్రం మరో బండిలో తిరిగి రావడం. బండిలో చీట్లాడేవాళ్ళు ఆడుకునేవారు, నిద్రపోయేవాళ్ళు నిద్రపోయేవారు. నేను కిటికీ దగ్గర కూర్చుని కొండలు చూసేవాణ్ణి. చూసేవాణ్ణి అనడం కూడా ఎక్కువే, కళ్ళు తెరుచుకుని కలగనేవాణ్ణి. పెనుకొండ దాటాక రాతిగుట్టలు ఒకదాని వెనక ఒకటి వచ్చి, కాసేపు బండితో పాటు నడిచి, మెల్లగా వెనక్కి జారిపోయేవి. అన్నేళ్ళు చూసినా, ఏ గుట్ట తర్వాత ఏది వస్తుందో చెప్పమంటే చెప్పలేకపోయేవాణ్ణి. అలాంటివి ఎవరూ అడగరు కదా అనుకున్నాను.

షాపులో మేం ముగ్గురం. మా యజమాని కిరాణా వ్యాపారం నుంచి కంప్యూటర్లలోకి వచ్చినాయన. బియ్యం బస్తా అమ్మినంత ధీమాగా కంప్యూటర్ అమ్మేవాడు. మాటలో తెలుగు ఎంతో కన్నడమూ అంతే. నా పక్క బల్ల మీద పనిచేసే ఆయనకు వేగం పిచ్చి. ఇంట్లో పాటలు వినడానికి ఒకటి కావాలని వచ్చిన రిటైర్డు మాస్టరుకు కూడా రాకెట్ నడిపేంత ప్రాసెసర్ అంటగట్టాలని చూసేవాడు. మంచివాడే. మధ్యాహ్నం తన క్యారియర్ విప్పితే నాకో ముద్ద సంగటి పెట్టకుండా తినేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం, ఎండకు బజారంతా కునుకు తీస్తున్న వేళ, ఒకావిడ షాపులోకి వచ్చింది. అరవై దాటి ఉంటాయి. ధర్మవరం నుంచి పట్టునూలు కోసం హిందూపురం వచ్చి, పని ముగించుకుని ఇటు వచ్చింది. నూలు సంచిని కుర్చీలో జాగ్రత్తగా కూర్చోబెట్టి, తను మాత్రం నిలబడే ఉంది. చుట్టచుట్టి తెచ్చిన గళ్ళ కాగితం ఒకటి కౌంటరు మీద పరిచింది.

చీర మగ్గం మీదికి ఎక్కే ముందు బొమ్మ అలాంటి కాగితం మీదికి ఎక్కాలి. గళ్ళలో పెన్సిల్‌తో నింపుకుంటూ పోతారు. ఆ గళ్ళను బట్టి అట్టలకు చిల్లులు కొడతారు. ఆ చిల్లులు చెప్పినట్టు మగ్గం పోగులను లేపుతుంది. కౌంటరు మీద ఉన్నది చీర అంచుకు గీసిన బొమ్మ. సగం దాకా వచ్చి ఆగిపోయింది.

"మా ఇంటాయన గీసినాడప్పా. ఇంగ గడులు కనపడల్యా అని ఆపేసినాడు. కంటి నరం ఎండిపోతా ఉండాదంట. దానికి ఆపరేషన్ గూడా ల్యాదంట. ఉన్న చూపు ఎన్నాళ్ళుంటాదో చెప్పలేమన్నారు పెద్దాసుపత్రిలో" అంది. ఏడుపు లేదు, నూలు ధర చెప్పినట్టు చెప్పింది. "కంప్యూటర్‌లో అయితే గడి పెద్దది చేయొచ్చని అట్టలు కొట్టేవాళ్ళు చెప్పినారు. ఎంత పెద్దదైతాది? ఇంత అయితాదా?" అని అరచెయ్యి చాపి చూపించింది.

నేను కాగితం మీదికి వంగి చూశాను. అంచు అంటే మామిడి పిందెలుంటాయి, హంసలుంటాయి, నెమళ్ళుంటాయి. ఇందులో అవేవీ లేవు. పైకీ కిందికీ పోయే ఒక గీత, దాని మీద అక్కడక్కడా ఉండలు.

"ఇదేం బొమ్మమ్మా?"

"కొండలు. పెనుకొండ నుంచి ఈడికి రైల్లో వస్తాంటే కనపడతాయి సూడు, అవి. పట్టు కొనేదానికి చిన్నప్పటి నుంచి ఆ బండిలోనే వచ్చి పోయినాడు. అవి అంచులో దించల్లని ఆయన కోరిక. మా చీరలు కొనే షావుకారు నవ్వినాడు, కొండలు కట్టుకుని ఎవురు తిరుగుతారని. నవ్వనీలే. ఆయన కండ్లు ఉన్నప్పుడే అది పూర్తి కావల్ల, నాకు అంతే."

ఆ కిటికీ నా ఒక్కడిదే అనుకున్నాను ఇన్నేళ్ళూ. ఏదో రైలుపెట్టెలో, ఏదో కిటికీ దగ్గర, నాలాగే ఇంకొకడు కూర్చుని కలగంటూ వచ్చాడన్నమాట. నేను ఆ కలను హిందూపురం స్టేషన్‌లో దిగేటప్పుడు సీట్లోనే వదిలేసి పోయేవాణ్ణి. ఆయన మాత్రం ఇంటికి తీసుకుపోయి గళ్ళలో నింపుకున్నాడు. సంతోషమూ అసూయా రెండూ ఒకేసారి కలిగాయి.

ఇంక మా షాపులో పంచాయితీ మొదలైంది. పక్క బల్ల ఆయన లేచి వచ్చి, ప్రాసెసర్ మంచిది వేసుకోమ్మా, బొమ్మలు బిరీన వస్తాయి అన్నాడు.

"మాకు బిరీన ఎందుకప్పా?" అంది ఆవిడ. "మా మగ్గం మీంద చీర దిగేలోపల అమావాస్య పోయి పున్నం వస్తాది."

ఆయన తన బల్ల దగ్గరికి పోయి స్క్రూలు ఏరుకోసాగాడు. నేను చిన్న లెక్క వేసుకున్నాను. ఆవిడ పెట్టగలిగింది తక్కువ. అందులో ఎక్కువ భాగం తెరకే పోవాలి. సీపీయూ పెట్టె పాతదైనా ఫరవాలేదు. ఆఫీసుల్లో వాడి తీసేసిన గట్టి పెట్టెలు మా దగ్గర ఉండేవి, లోపల డిస్కు ఒక్కటి కొత్తది వేస్తే గళ్ళు నింపే పనికి చాలు. స్పీకర్లు వద్దు, వెబ్‌క్యామ్ వద్దు, రంగుల లైట్లు అసలే వద్దు. షాపులో ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్ద తెర కిందికి దించాను.

యజమాని నెత్తి పట్టుకున్నాడు. "పెట్టెకన్నా తెరకే ఎక్కువ దుడ్లా? రేపు స్లో అని తిరిగొస్తే ఎవురు చూడల్ల?"

"నేను చూస్తాను" అన్నాను. ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడనివాణ్ణి కాబట్టి ఆయన కాస్త కంగారుపడి ఒప్పుకున్నాడు.

తర్వాతి ఆదివారం ఆ తెర పెట్టెను ఒళ్ళో పెట్టుకుని ధర్మవరం బండి ఎక్కాను. పాత పెట్టె కాళ్ళ మధ్య పెట్టుకున్నాను. ఎదురుగా కూర్చున్న ముదిగుబ్బ గొర్రెల వ్యాపారి ఒకాయన, టీవీనా అని అడిగాడు. కాదు, కొండలు చూసే అద్దం అన్నాను. ఆయన కండువా ముఖం మీద కప్పుకుని పడుకున్నాడు.

వాళ్ళది పాతకాలపు మట్టి మిద్దె. గుంత మగ్గం ఉన్న గదిలోనే కరెంటు ప్లగ్గు. మిద్దె నడుమ వెలుతురు కోసం వదిలిన గవాక్షి ఉంది, దానికి గాజుపలక బిగించి ఉంది. ఎండ ఆ పలకలోంచి ధారగా కిందికి దిగుతోంది. సరిగ్గా ఆ ధారలో ఒక బల్ల వేసి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, నా కోసం సిద్ధంగా ఉంచారు. ఆ ఇంట్లో అన్నిటికన్నా గొప్ప చోటు అది. మగ్గం దాని పక్కన, పోగులు పోసే ఆసు దాని పక్కన, కండెలు చుట్టే రాట్నం దాని పక్కన. నేతపని చేసే ఇంట్లో మంచి పనికి మంచి వెలుతురు ఇవ్వడం మర్యాద. కొత్తగా ఇంటికి వచ్చినదానికి కూడా ఆ మర్యాదే చేశారు. నాకూ ఏమీ తట్టలేదు. ట్యూబులైట్ల కిందే బతికినవాడికి ఎండ సంగతి ఏం తెలుస్తుంది?

అన్నీ బిగించి, అట్టల షాపు వాళ్ళు స్కాన్ చేసి ఇచ్చిన బొమ్మను తెర మీదికి తెచ్చాను. ఇంటాయన స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని, పెళ్ళిచూపులకు వచ్చినట్టు కూర్చున్నాడు. సన్నగా పొడుగ్గా ఉంటాడు. చేతులు రెండూ మోకాళ్ళ మీద.

"పెట్టినావా అప్పా?"

"పెట్టినానన్నా."

"యాడ?"

ఆ ఒక్క మాటకు గది చిన్నబోయింది. గడిని పెద్దది చేశాను. ఇంకా పెద్దది చేశాను. ఆవిడ అరచెయ్యంత చేశాను. తెర వెలుగు పూర్తిగా పెంచాను. ఆయన ముందుకు వంగాడు, వెనక్కి జరిగాడు, కళ్ళు నులుముకున్నాడు.

"తెల్లగా ఉండాది. సున్నం కొట్టిన గోడ మాదిరి. ఇంగేమీ కనపడల్యా."

"బాగా సూడయ్యా. అంత పెద్దగా ఉండాది కదా" అంది ఆవిడ.

"ఉంటే కనపడదా?"

ఆయన లేచి, గోడ పట్టుకుని పోయి, మగ్గం గుంతలో కాళ్ళు దించి కూర్చున్నాడు. మగ్గం మీద చీర ఏమీ లేదు. పోగుల మధ్య దారం దూర్చే నాడెను ఊరికే చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పుతున్నాడు. "తీసుకోని పో అప్పా. నీ తప్పేం ల్యా. నా కండ్లే అయిపోయినాయి" అన్నాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దుకాణంలో నూలు ధరలా చెప్పిన మనిషి అప్పుడు ఏడ్చింది. నా జీవితంలో ఎన్నో కంప్యూటర్లు నా చేతిలో చచ్చిపోయాయి. ఏ రోజూ అంత దిగులు పడలేదు.

తీగలు విప్పుదామని వంగాను. అప్పుడు గదిలో ఏదో మారింది. ఎండధార పల్చబడింది, తర్వాత లేకుండా పోయింది. మిద్దె మీదికి మబ్బు వచ్చింది. మా వైపు మబ్బు వస్తే ముఖం చూపించి పోవడమే కానీ నిలబడి కురిసేది తక్కువ.

"ఉండు" అన్నాడాయన గుంతలోంచి. "కదిలించొద్దు. ఆడ నల్లగా, వంకరగా... ఏందది?"

నేను తెర వైపు చూశాను. "కొండన్నా. రెండో కొండ."

ఆయన లేచి రెండడుగులు వేసేలోపల మబ్బు జరిగిపోయింది. ఎండ మళ్ళీ దిగింది. తెర ఆయనకు మళ్ళీ సున్నం గోడైపోయింది. ఆయన అక్కడే నిలబడిపోయాడు. ఆవిడ మాత్రం నిలబడలేదు. దండెం మీద ఉన్న గొంగళి లాక్కుని బయటికి పరుగెత్తింది. మిద్దె మీద అడుగుల చప్పుడు వినిపించింది. గవాక్షి పలక మీద గొంగళి పడింది.

"ఇప్పుడు?" పైనుంచి ఆవిడ గొంతు.

"ఇంగా కప్పు" అన్నాడాయన కిందనుంచి.

గొంగళి మడత విప్పి మొత్తం పరిచింది. గదిలో చీకటి కమ్ముకుంది. అప్పుడు నాకు బుర్ర పనిచేసింది. కాగితం తెల్లగా ఎందుకుండాలి? నేపథ్యం నల్లగా చేసి, గళ్ళ గీతలు తెల్లగా మార్చాను, కొండలకు జరీ పసుపు వేశాను. తెర వెలుగు సగానికి తగ్గించాను. ఆ చీకట్లో కొండలు ఒకటొకటిగా పైకి లేచాయి. నేను రోజూ చూసేవే. కానీ అంత స్పష్టంగా రైలు కిటికీలోంచి నేను ఏనాడూ చూడలేదు.

ఆయన తెర దగ్గరికి వచ్చి, మొదటి కొండ మొదట్లో వేలు పెట్టి, గీత వెంబడి మెల్లగా తీసుకుపోయాడు. బొమ్మ ఆగిపోయిన చోట వేలు ఆగింది.

"ఈడ రాతిగుండు రావల్ల" అన్నాడు. "గడులు నింపుదాం పట్టప్పా."

ఆవిడ పైనుంచి మళ్ళీ, "ఏమైందయ్యా? పలకవేం?" అని అరుస్తోంది. "దిగి రామ్మా. కొండలొచ్చినాయి" అన్నాన్నేను.

ఇక్కడితో అయిపోలేదు. మగ్గానికి వెలుతురు కావాలి, ఆయనకు చీకటి కావాలి, గది ఒక్కటే. ఇప్పుడు మగ్గం నేసేది ఆవిడ. వాళ్ళు దానికో ఏర్పాటు చేసుకున్నారు. పొద్దున గవాక్షి తెరిచి ఉంటుంది, ఆవిడ నేస్తుంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆవిడ మిద్దె ఎక్కి గొంగళి కప్పి వస్తుంది, అప్పుడాయన గళ్ళు నింపుతాడు. అలిసిపోయి ఆవిడ ఆ చీకట్లోనే మగ్గం పక్కన ఒరిగి నిద్రపోయేదట. నిద్రలో మౌసు చప్పుడు వినపడుతుంటే ఇంట్లో ఎవరో వక్కలు కత్తిరిస్తున్నట్టుండేదని నాతో నవ్వుతూ చెప్పింది.

నాకు మాత్రం ఏ షాపులోనూ ఎవరూ చెయ్యని సర్వీసు ఒకటి తగులుకుంది. పొద్దున బండి ఎక్కానో లేదో ఫోను మోగేది.

"అప్పా, బండిలో ఉండావా? ఆంబోతు మూపురం మాదిరి కొండ ఒకటి వస్తాది. దాని పక్క చిన్న గుండు ముందరుండాదా, వెనకుండాదా? నాకు మతికి రావడంల్యా."

నేను కిటికీకి ముఖం ఆనించి చూసి చెప్పేవాణ్ణి. ఒక్కోరోజు చూసేలోపల దాటిపోయేది. అప్పుడు, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు చెప్తానన్నా అనేవాణ్ణి. షాపులో పక్క బల్ల ఆయన మొదట్లో ఎగతాళి చేశాడు, మన కంపెనీ కొండలకు కూడా వారంటీ ఇస్తోందా అని. తర్వాత తర్వాత నేను రాగానే ఆయనే అడగసాగాడు, ఈరోజు ఏ గుండు అని. ఒక ఆదివారం పనిలేకపోయినా బండెక్కి పెనుకొండ దాకా వచ్చి, చూసి పోయాడు. బండి చాలా స్లోగా పోతుందని మాత్రం విసుక్కున్నాడు.

అంచులో మామూలుగా జానెడు బొమ్మ వేసి, అదే మళ్ళీ మళ్ళీ వచ్చేటట్టు నేస్తారు. అట్టల ఖర్చు తగ్గుతుంది. ఈయన వినలేదు. పెనుకొండలో మొదలైతే హిందూపురం వచ్చేదాకా ఏ కొండా రెండోసారి రాకూడదన్నాడు. బొమ్మ బారెడు పొడుగైంది. అట్టలు కొట్టేవాళ్ళు తిట్టుకుంటూ కొట్టారు. ఆయన చివరి గడి నింపిన మధ్యాహ్నం నాకు ఫోను వచ్చింది. ఈసారి ప్రశ్న ఏమీ లేదు. "అయిపోయిందప్పా" అన్నాడు, అంతే.

ఆ చీర ఆవిడే నేసింది. అది మగ్గం దిగేలోపల ఆయనకు మిగిలిన ఆ కాస్త చూపు కూడా పోయింది. బొమ్మ చూశాడు కానీ చీర చూడలేదు. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు దేవుడి మీద పట్టరాని కోపం వచ్చింది. రెండు రోజులు కిటికీ దగ్గర కూర్చోలేదు.

నేను పని మానేసిన ఏడాది, పెనుకొండలో ఒక పొద్దున బండెక్కితే వాళ్ళిద్దరూ ఉన్నారు. పట్టునూలుకు హిందూపురం పోతున్నారు. ఆవిడ ఆ చీరే కట్టుకుంది. కుంకుమ రంగు చీర, అంచులో జరీ కొండలు. షావుకారు కొంటానని వస్తే ఇవ్వలేదట. ఆయన కిటికీ సీటు నాకు వదిలి, ఆవిడ పక్కన కూర్చున్నాడు. పలకరింపులయ్యాక ఆవిడ కొంగు ఒళ్ళోకి తీసుకుని, అంచు మొదట్లో బొటనవేలు పెట్టాడు.

బండి కదిలింది. ఆయన వేలు కూడా కదిలింది. జరీ ఉబ్బును తడుముకుంటూ, తొందరలేకుండా పోతోంది.

"పెద్దబండ" అన్నాడు. కిటికీలో పెద్దబండ వచ్చింది. "ఇప్పుడు రెండు గుండ్లు, ఒకదాని మీంద ఒకటి." వచ్చాయి. "ఆంబోతు." అది కూడా వచ్చింది, పక్కన చిన్న గుండుతో సహా. ఆవిడ కిటికీ వైపు చూడటం లేదు, ఆయన వేలినే చూస్తోంది. నేను ఒకసారి బయటికి, ఒకసారి అంచులోకి చూసుకుంటున్నాను. కాసేపటికి ఏది బయటిదో ఏది చీరలోదో నాకే తెలియకుండా పోయింది.

అంతలో సిగ్నల్ లేక బండి ఆగింది. ఆయన వేలు కూడా అంచు మీద ఉన్నచోటే ఆగింది. పెట్టెలో వాళ్ళంతా విసుక్కుంటూ లేచి తొంగిచూస్తున్నారు. యాడికొచ్చినాం, ఇంగా ఎంత దూరముండాది అని ఎవరో గట్టిగా అడిగారు.

ఆయన బొటనవేలు కదలనివ్వకుండా, రెండో చేత్తో మిగిలిన అంచును కొలిచి చూసుకున్నాడు.

"హిందూపురం ఇంగా జానెడుండాదప్పా" అన్నాడు.